థండర్‌బర్డ్‌లో మెయిల్‌కి సంతకం, తాళం: ఎవరికి పనికొస్తుంది?

విశాఖ పోర్టులో సరుకు విడిపించే క్లియరింగ్ ఏజెంట్లకీ, ద్వారకానగర్ ఆడిటర్లకీ బాగా తెలిసిన బెడద ఒకటుంది. "మా బ్యాంకు ఖాతా మారింది, డబ్బు కొత్త దానికి వెయ్యండి" అంటూ పార్టీ పేరుతో దొంగ మెయిల్ వస్తుంది. అలవాటుగా డిజిటల్ సంతకంతో రాసే పార్టీ నుంచి సంతకం లేని మెయిల్ వస్తే అక్కడే అనుమానించొచ్చు. పైసా ఖర్చు లేకుండా ఆ సంతకం పెట్టించేది థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రామ్. మెయిల్‌కి తాళం కూడా వేస్తుంది, అంటే అందుకునేవాళ్లు తప్ప ఎవరూ చదవలేకుండా చేస్తుంది (ఎన్‌క్రిప్షన్). 2020లో వచ్చిన 78వ వెర్షన్ నుంచి, ఈ సంతకానికీ తాళానికీ వాడే ఓపెన్‌పీజీపీ పద్ధతి అందులోనే ఉంది. ఎనిగ్‌మెయిల్ యాడ్-ఆన్ విడిగా ఎక్కించుకునే తంటా పోయింది.

అకౌంట్ సెట్టింగ్స్‌లో మీ మెయిల్ ఐడీ కింద ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ తెరిచి, యాడ్ కీ నొక్కి, కొత్త కీ చేయమనండి. అది జంటగా వస్తుంది: మీకు రాసే మెయిల్‌కి తాళం వేయడానికి అందరికీ ఇచ్చే పబ్లిక్ కీ, దాన్ని తెరవడానికీ సంతకం పెట్టడానికీ మీ దగ్గరే ఉండే రహస్య కీ. కీ రకం ఆర్‌ఎస్‌ఏ అయితే 3072 బిట్లు చాలు, గడువు మూడేళ్లు ఉంచండి. గడువు దగ్గరపడితే కీ ప్రాపర్టీస్‌లో పొడిగించుకోవచ్చు. కానీ ఆ తర్వాత పబ్లిక్ కీ అందరికీ మళ్లీ పంపాలి. లేదంటే వాళ్ల దగ్గర పాత గడువే ఉండిపోయి, మీకు తాళం వేసిన మెయిల్ పంపలేరు.

ఇంతవరకు రెండు నిమిషాల పని. అసలు లోపం ఇక్కడుంది: రహస్య కీకి మీరు విడిగా పాస్‌వర్డ్ పెట్టకపోతే థండర్‌బర్డ్ తనంతట తనే ఒకటి పెట్టి, దాన్ని కీ ఉన్న ప్రొఫైల్ ఫోల్డర్‌లోనే (మీ మెయిళ్లు, సెట్టింగ్స్ ఉండే ఫోల్డర్) దాస్తుంది. తాళం వేసి తాళంచెవి గుమ్మానికే తగిలించినట్టు! ప్రైవసీ అండ్ సెక్యూరిటీలో ప్రైమరీ పాస్‌వర్డ్ పెట్టేదాకా మీ ల్యాప్‌టాప్ ఎవరి చేతికి చిక్కినా కీ కూడా చిక్కినట్టే. ఈ మాట కీ చేసేటప్పుడే గట్టిగా చెప్పాల్సింది. మార్కులు తగ్గించేది ఇందుకే.

రెండోది బ్యాకప్. ఓపెన్‌పీజీపీ కీ మేనేజర్ ఫైల్ మెనూలో రహస్య కీని కాపీ తీసుకునే వీలుంది. అది తీయకుండా సిస్టమ్ ఫార్మాట్ కొట్టించారా, తాళం వేసి వచ్చిన పాత మెయిళ్లు ఇక ఎవరూ తెరవలేరు. కాపీ రెండు పెన్‌డ్రైవ్‌లలో పెట్టండి. బీచ్ రోడ్డు వైపు ఉండేవాళ్లకి ఉప్పుగాలి సంగతి చెప్పక్కర్లేదు.

అవతలివాళ్ల పబ్లిక్ కీ వచ్చాక, అది నిజంగా వాళ్లదేనని తేల్చుకోవడానికి దాని వేలిముద్ర (ఫింగర్‌ప్రింట్ అనే గుర్తింపు కోడ్) సరిచూడాలి. నలభై అక్షరాలు, నాలుగేసి చొప్పున పది గుంపులు. మెయిల్‌లో వచ్చిన నంబరుకి కాదు, మీ దగ్గర ముందునుంచీ ఉన్న నంబరుకి ఫోన్ చేసి చదివించుకోండి. బీ, డీ, ఈ ఒకేలా వినిపిస్తాయి కాబట్టి "బీ ఫర్ భీమిలి, డీ ఫర్ డాబాగార్డెన్స్" అనుకుంటే గొడవ ఉండదు.

సంతకం పెట్టిన మెయిల్‌తో పాటు డాట్ ఏఎస్‌సీ ఫైల్ ఒకటి వెళ్తుంది. అది వైరస్ కాదని క్లయింట్లకి ముందే చెప్పండి. దారిలో ఆఫీసు సర్వర్ ఏదైనా మెయిల్ అడుగున "ఇది గోప్యం" లాంటి నోటీసు అతికిస్తే సంతకం చెల్లలేదని చూపించొచ్చు. అది పంపినవాళ్ల తప్పు కాదు. తాళం వేసినప్పుడు సబ్జెక్ట్ లైన్ కూడా దాగుతుంది, వేరే యాప్‌లలో మూడు చుక్కలే కనిపిస్తాయి. ఎవరు ఎవరికి ఎప్పుడు రాశారన్నది మాత్రం దాగదు.

"మా దగ్గర డీఎస్‌సీ టోకెన్ (డిజిటల్ సంతకం సర్టిఫికెట్ ఉండే యూఎస్‌బీ పరికరం) ఉందిగా?" అని ఆడిటర్లు అడగొచ్చు. అది ఎస్‌మైమ్ అనే, సర్టిఫికెట్లతో నడిచే వేరే పద్ధతి, ఓపెన్‌పీజీపీతో కలవదు. థండర్‌బర్డ్‌లో అదీ నడుస్తుంది గానీ, సర్టిఫికెట్‌లో మీ మెయిల్ ఐడీ ఉండాలి, సెక్యూరిటీ డివైసెస్‌లో టోకెన్ డ్రైవర్ ఎక్కించాలి. సంతకం సర్టిఫికెట్ ఒక్కటే ఉంటే తాళం వేయడానికి పనికిరాదు, దానికి ఎన్‌క్రిప్షన్ సర్టిఫికెట్ వేరే తీసుకోవాలి.

కంప్యూటర్ ముందు కూర్చుని మెయిల్ చూసే ఆఫీసుకైతే ఐదుకి నాలుగు. బ్రౌజర్‌లో జీమెయిల్ తెరిచి చదివేవాళ్లకి తాళం వేసిన మెయిల్ ఒట్టి అటాచ్‌మెంట్‌లా కనిపిస్తుంది, అందులోని మాటలు వెతికినా దొరకవు. వాళ్లకి రాసేటప్పుడు సంతకం వరకే పెట్టడం నయం.