గని వ్యర్థాలు: చెరువులోనా, పొడి కుప్పగానా?

రాగి తీశాక మిగిలే రాతిపిండిని బురదగానే మట్టికట్ట వెనక నిలవ చేయడం చవక. పైన నీళ్లుంటే గాలి తగలక, ఆ పిండిలో ఆమ్లమూ అంతగా ఊరదు. కానీ గని మూతపడ్డాక కూడా ఆ కట్ట తరతరాలు నిలబడాలి. 2014 ఆగస్టులో కెనడాలోని మౌంట్ పాలీ కట్ట తెగి, బురద సాల్మన్ చేపలు తిరిగే క్వెనెల్ సరస్సులో కలిసింది.

నీళ్లు పిండేసి కుప్పపోస్తే ఖర్చెక్కువ, వరదలా ముంచెత్తే టెన్షన్ తక్కువ. అయితే సల్ఫైడ్ (గంధకం కలిసిన) రాయికి గాలీ వానా తగిలితే ఆమ్లం ఊరి, రాగి వాగుల్లోకి దిగుతుంది. పుట్టిన వాగును సాల్మన్ వాసనతోనే పోల్చుకుంటుంది; లీటరుకు కొన్ని మైక్రోగ్రాముల రాగి చాలు, ఆ శక్తి దెబ్బతినడానికి.

నా ఓటు కుప్పకే. అలాస్కాలోని బ్రిస్టల్ బేలో మాత్రం రెండూ వద్దు. ప్రపంచంలోని సాకై రకం సాల్మన్‌లో దాదాపు సగం అక్కడిదే.