వీలునామానా, గిఫ్ట్ డీడా?

కావలి దగ్గర మా పెదనాన్నకి రెండెకరాల మాగాణి ఉంది, ఇప్పుడే పిల్లల పేరు మీద గిఫ్ట్ డీడ్ రాసేయమని ఇంట్లో అందరూ ఆయన్ని తొందరపెడుతున్నారు, నేను మాత్రం వీలునామానే రాయమంటున్నాను. వీలునామా రాసినాయన బతికున్నంత కాలం పొలం ఆయనదే, కావాలంటే అమ్ముకోవచ్చు, మనసు మారితే రద్దు చేసి మళ్లీ రాయొచ్చు, చివరగా రాసిందే చెల్లుతుంది.

గిఫ్ట్ డీడ్ అలా కాదు. రిజిస్టరై, పుచ్చుకునేవాళ్లు ఒప్పుకున్నాక హక్కు వాళ్లదైపోతుంది, వెనక్కి తీసుకోవడం చాలా కష్టం. తనను పోషించాలనే షరతు అందులో రాయించుకుని ఉంటే, వాళ్లు చూడనప్పుడు 2007 నాటి వయోవృద్ధుల చట్టం కింద రద్దు కోరొచ్చు, కాబట్టి గిఫ్టే ఇస్తానంటే ఆ ఒక్క వాక్యం మర్చిపోవద్దు పెదనాన్నా అని చెప్పా.

ఖర్చు చూస్తే గిఫ్ట్‌కి స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ తప్పవు. వీలునామా తెల్లకాగితం మీదైనా సరిపోతుంది, సాక్షులు మాత్రం ఇద్దరుండాలి, రిజిస్ట్రేషన్ మన ఇష్టం (నేనైతే చేయించమంటా). ఆయన పోయాక అది నిజమైనదా కాదా అని పిల్లలు కోర్టుకెక్కే టెన్షన్ గిఫ్ట్‌లో తక్కువే, అది ఒప్పుకుంటా. ఇంకొకటి, ఏది రాసినా తాతల నాటి ఉమ్మడి పొలం మొత్తం రాసేయడం కుదరదు, వీలునామాలో అయితే తన వాటా వరకే.