చార్టుబుక్ వేయడానికి ఏది మేలు: నోవా కస్టమ్ చార్టా, క్యూజీఐఎస్ అట్లాసా?

అమెరికాలోని చెసపీక్ బే లాంటి చోట చిన్న పడవలవాళ్ల కోసం ఏ3 సైజు స్పైరల్ చార్టుబుక్ (నావికా పటాల పుస్తకం) వేయాలంటే డేటాకు కొదవ లేదు. నోవా (అమెరికా ప్రభుత్వ సముద్ర, వాతావరణ సంస్థ) ఎస్-57 అనే డిజిటల్ ఫార్మాట్‌లో ఇచ్చే ఎలక్ట్రానిక్ చార్టులు ఉచితం, వాటికి కాపీరైట్ అడ్డు కూడా లేదు. (మన విశాఖ, కాకినాడ చార్టులకు అలా కుదరదు, డెహ్రాడూన్‌లోని జాతీయ హైడ్రోగ్రాఫిక్ కార్యాలయం అనుమతి కావాలి.) పాత కాగితపు చార్టుల స్కాన్లు ఇంకా దొరుకుతాయి గానీ వాటి జోలికి వెళ్లొద్దు. 2025 జనవరి నాటికి ఆ చార్టులు ఆపేశారు, కొత్తగా వేసిన బోయాలు (నీటిపై తేలే దారి గుర్తులు) వాటిలో ఉండవు.

నోవా వెబ్‌సైట్‌లోని కస్టమ్ చార్ట్ పని సులువు. బ్రౌజర్లో స్కేలు, కాగితం సైజు, మధ్యబిందువు ఎంచుకుంటే పీడీఎఫ్ చేతికొస్తుంది. గుర్తులన్నీ నోవావే కాబట్టి మునిగిన ఓడ గుర్తు ఎక్కడో జారిపోయిందేమోనన్న భయం ఉండదు. చిక్కల్లా పేజీల సంఖ్య పెరిగినప్పుడే. ప్రతి పేజీ మధ్యబిందువు మీరే లెక్కగట్టాలి. పక్క పేజీ నంబర్లు, అంచు బాణాలు తర్వాత అతికించాలి. పది ఇరవై పేజీల పుస్తకానికైతే ఇంకో ఆలోచన లేకుండా ఇదే వాడండి.

అంతకు మించితే క్యూజీఐఎస్ అనే ఉచిత మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్‌లో పేజీలన్నీ వరసగా తీసే అట్లాస్. 390×260 మి.మీ. ఫ్రేములో 1:40,000 స్కేలుకు పేజీకి 15.6×10.4 కి.మీ. పడుతుంది. గ్రిడ్ గీసేటప్పుడే పేజీల మధ్య ఒక కిలోమీటరు ఓవర్‌ల్యాప్ పెట్టండి, అట్లాస్‌లో ఫిక్స్‌డ్ స్కేల్ ఎంచుకోండి. పుస్తకం మొత్తం ఒక్క ఎక్స్‌పోర్టుతో వస్తుంది, వచ్చే ఏడాది డేటా మార్చి మళ్లీ తీసుకోవచ్చు.

అయితే ఎస్-57లో గుర్తులుండవు, డేటా మాత్రమే ఉంటుంది. మునిగిన ఓడలు, నీటి అడుగు రాళ్లు, అడ్డంకులు వేర్వేరు లేయర్లు. ఒక్కదానికి స్టైల్ ఇవ్వడం మరిచినా ఆ ప్రమాదం కాగితం మీద కనిపించదు. సెల్ (ఒక్కో ఎస్-57 చార్టు ఫైలు) పేరులో మూడో అక్షరం ఆ చార్టు ఏ స్కేలు శ్రేణిదో చెబుతుంది. 4, 5 శ్రేణులను కలిపి పేర్చేస్తే ఒకే చోట లోతులు రెండుసార్లు పడతాయి. లోతులు మీటర్లలో ఉంటాయి. అడుగుల్లోకి మార్చేటప్పుడు రౌండ్ వాడితే 1.8 మీటర్లు (5.9 అడుగులు) కాస్తా 6 అవుతుంది. ఫ్లోర్ (ఎప్పుడూ కిందికే దించడం) వాడితే 5 వస్తుంది. లోతు తక్కువ చూపినా పడవ బతుకుతుంది, ఎక్కువ చూపకూడదు.

ఎక్కువమంది దెబ్బతినేది ప్రొజెక్షన్ (గుండ్రటి భూమిని కాగితం మీద చదునుగా పరిచే పద్ధతి) దగ్గర. వెబ్ మ్యాపులు వాడే వెబ్ మెర్కేటర్‌నే మార్చకుండా ఉంచేస్తే 38 డిగ్రీల అక్షాంశం దగ్గర 1:40,000 అని రాసిన పేజీ నిజానికి సుమారు 1:31,500 అవుతుంది. ప్రామాణిక అక్షాంశం 38గా సొంత మెర్కేటర్ తయారు చేసుకోవాలి.

పేజీలు ఏ దారిలో వచ్చినా, స్క్రైబస్ అనే పేజీ కూర్పు సాఫ్ట్‌వేర్‌లో కూర్చేటప్పుడు పీడీఎఫ్ ఎంబెడ్ చేసే ఆప్షన్ ఆన్ చేయకపోతే గీతలన్నీ బొమ్మగా మారి చిన్న అంకెలు అలుక్కుపోతాయి. లేటెక్ అనే టైప్‌సెట్టింగ్ సాఫ్ట్‌వేర్‌లో పీడీఎఫ్‌పేజెస్ ప్యాకేజీ వాడితే ఆ బెడద లేదు. ప్రెస్సువాళ్లకు 'ఫిట్ టు పేజ్' వద్దని రాసివ్వండి. ప్రూఫ్ రాగానే అంచున ఒక నిమిషం (డిగ్రీలో అరవయ్యో వంతు) అక్షాంశాన్ని రూలర్‌తో కొలవండి. 1:40,000 పేజీలో 46 మి.మీ. చుట్టుపక్కల రావాలి. 45కు దిగితే ప్రెస్సులో కుదించారు, 59 దాకా వస్తే ఇంకా వెబ్ మెర్కేటర్‌లోనే ఉన్నారు.