మండల కార్యాలయంలో పాత అడంగల్ నకళ్ళు: సేవ ఎలా ఉంది?

కోస్తా జిల్లాల్లో మాగాణి ఉన్న కుటుంబాలకు ఏదో ఒక రోజు పాత అడంగళ్ళతో, అంటే ఏ భూమి ఎవరి అనుభవంలో ఉందో, ఏ పంట వేశారో రాసే గ్రామ లెక్కలతో, పని పడుతుంది. బ్యాంకు కోసం లీగల్ ఒపీనియన్ రాసే వకీలు గానీ, వారసుల మధ్య పంపకాలు చూసే పెద్దలు గానీ, భూమి ఎవరి అనుభవంలో ఉందో ఏటేటా వరుసగా చూపించమని అడుగుతారు. మా కుటుంబ భూమికి 1970ల నుంచి అటువంటి వరుస అవసరమై, ఒక తహసీల్దారు కార్యాలయంలోని రికార్డు గది సేవను ఈ మధ్య వాడుకున్నాను. నేను చూసిన లోపం ఆ ఒక్క కార్యాలయానిదే అనుకోవడం లేదు కాబట్టి దాని పేరు రాయడం లేదు.

ఇటీవలి సంవత్సరాల వరకు పని సులువుగానే సాగింది. 2015లో వచ్చిన మీభూమి వెబ్‌సైట్‌లో జిల్లా, మండలం, గ్రామం ఎంచుకుని సర్వే నంబరు ఇస్తే అడంగల్, 1-బి (పట్టాదారు వారీ భూముల లెక్క) రెండూ కనిపిస్తాయి. అమెరికాలో ఉన్న మా తమ్ముడు అక్కడి నుంచే తన వాటా వివరాలు సరిచూసుకున్నాడు. ఒకప్పుడు కరణంగారి అరుగు మీద కూర్చుని బతిమాలితే తప్ప కంటబడని లెక్క నేడు ఎవరికైనా కనిపిస్తోంది, ఇది చిన్న మార్పు కాదు.

కష్టమంతా కంప్యూటరుకు ముందు కాలానిది. రికార్డు గదిలో గుమాస్తాగారు ఓపికగా కట్టలు విప్పి, ఫసలీ (జూలై నుంచి జూన్ దాకా నడిచే రెవెన్యూ సంవత్సరం) వారీగా పుస్తకాలు చూపించారు. ఫసలీ 1390 (1980-81) దాకా వరుస చక్కగా ఉంది. జమాబందిలో, అంటే ఏటా జరిగే గ్రామ లెక్కల తనిఖీలో, అధికారి పెట్టిన సంతకం, కరణంగారి గుండ్రని అక్షరాలు, సర్వే నంబరు పక్కన విస్తీర్ణం, పట్టాదారు, అనుభవదారు, పంట, అన్నీ స్పష్టంగా ఉన్నాయి. ఆ తర్వాత కొన్ని ఫసలీల పుస్తకాలు లేవు. ఎందుకు లేవని అడిగితే, అవి పాత కరణంగారి ఇంట్లోనే ఉండిపోయాయని, వారినే అడిగి చూడమని చెప్పారు.

ఈ జవాబు వెనుక పెద్ద చరిత్రే ఉంది. 1984 జనవరి 6న ఎన్టీ రామారావు ప్రభుత్వం ఆర్డినెన్సు ద్వారా కరణం, మునసబు వంటి పార్ట్‌టైమ్ గ్రామాధికారుల ఉద్యోగాలను రద్దు చేసింది, మరుసటి ఏడాది సుప్రీంకోర్టు ఆ రద్దును సమర్థించింది. వంశపారంపర్య పెత్తనం పోవలసిందేనని నేనూ నమ్ముతాను. అయితే జూలైలో మొదలయ్యే ఫసలీ 1393 అప్పటికి సగమే గడిచింది. అంటే లెక్క నడుస్తుండగానే దాన్ని రాసే మనిషి ఉద్యోగం పోయింది. ఏడాదిన్నర తిరగకముందే, 1985లో, తాలూకాలు పోయి మండలాలు రావడంతో కచేరీల్లోని కట్టలను కూడా పంచుకోవలసి వచ్చింది.

కరణంగారి అబ్బాయి, ఇప్పుడు ఆయనా పెద్దవారే, మమ్మల్ని ఆదరంగా కూర్చోబెట్టి భోషాణం తెరిచారు. ఫసలీ 1393 అడంగల్ అందులో వేపాకు మధ్య భద్రంగా ఉంది. మా సర్వే నంబరు ఉన్న పేజీలో సార్వా (మొదటి పంట) గడులు నిండి ఉన్నాయి, దాళ్వా (రెండో పంట) గడులు ఖాళీగా ఉన్నాయి. "పుస్తకాలు తీసుకుని రసీదు ఇమ్మని మా నాన్నగారు అడిగారండి, రసీదు ఇచ్చేవాళ్ళు రాలేదు" అన్నారాయన. ఆ మాట అబద్ధమనుకోవడానికి నాకు ఏ కారణమూ కనబడలేదు. చెదపట్టకుండా నలభై ఏళ్ళు కాపాడినందుకు ఆ కుటుంబానికి చేతులెత్తి నమస్కరించాలి.

కానీ అక్కడ తీసుకున్న ఫొటో కోర్టులో గానీ బ్యాంకులో గానీ చెల్లదు. పబ్లిక్ డాక్యుమెంటు ఎవరి కస్టడీలో ఉందో ఆ అధికారే సర్టిఫైడ్ కాపీ ఇవ్వాలని పాత సాక్ష్య చట్టం 76వ సెక్షన్ చెప్పింది, 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 75వ సెక్షన్ కూడా అదే చెబుతోంది. పుస్తకం ఉన్నచోట అధికారి లేడు, అధికారి ఉన్నచోట పుస్తకం లేదు. కార్యాలయం మాత్రం "రికార్డు లభ్యం కాలేదు" అని ఎండార్స్‌మెంటు ఇచ్చి ఊరుకుంది.

అది జవాబు కాదని గట్టిగా చెప్పదలచుకున్నాను. ఒకప్పుడు ప్రభుత్వ రికార్డుల్లో ఉన్న సమాచారం నిబంధనల ప్రకారం ధ్వంసం చేస్తే తప్ప లభించి తీరాలని, కనబడకపోతే క్షుణ్ణంగా వెతికి బాధ్యులను తేల్చాలని ఢిల్లీ హైకోర్టు 2013లోనే సమాచార హక్కు కేసులో చెప్పింది. ఆ ధైర్యంతో నేనూ సమాచార హక్కు దరఖాస్తు పెట్టాను. మండల స్థాయిలో రుసుము ఐదు రూపాయలే. అడంగల్ నకలుతో పాటు, ఆ గ్రామ రికార్డులు ఎవరి నుంచి ఎవరికి చేరాయో తెలిపే ఛార్జి లిస్టులన్నీ అడిగాను. గడువులోపే ఇచ్చారు, అందుకు మెచ్చుకోవాలి. అయితే బదిలీ అయిన ఒక వీఆర్వో (గ్రామ రెవెన్యూ అధికారి) మరొకరికి అప్పగించిన జాబితాలో అడంగళ్ళ గురించి ఉన్నది ఒకే ఒక్క వాక్యం: "పాత రికార్డులు – ఒక కట్ట." ఆ కట్టలో ఏ ఫసలీలు ఉన్నాయో, ఎన్ని పేజీలో రాయలేదు. ఇలా అప్పగిస్తే, ఉద్యోగి మారిన ప్రతిసారీ పుస్తకం మాయమయ్యే వీలుంటుంది, ఎప్పుడు మాయమైందో కూడా ఎవరూ చెప్పలేరు.

తెలంగాణలో వీఆర్వోల వ్యవస్థను రద్దు చేయబోతూ, 2020 సెప్టెంబరు 7న వారి వద్ద ఉన్న రికార్డులను ఆ రోజే స్వాధీనం చేసుకోవాలని కలెక్టర్లకు ఆదేశాలు వెళ్ళాయి. 1984లో జరగని వేగం అది. అక్కడి పాత భూమి రికార్డులైన ఖాస్రా పహాణీల వంటి విలువైన పుస్తకాలు చేతులు మారేటప్పుడు, వేగంతో పాటు పేజీల లెక్కతో కూడిన రసీదు ఇచ్చి పుచ్చుకోవడం కూడా అంతే ముఖ్యమని నా అభిప్రాయం.

మా విషయంలో ఛార్జి లిస్టుల నకళ్ళు జతచేసి తహసీల్దారుగారికి అర్జీ ఇచ్చాక కదలిక వచ్చింది. డిప్యూటీ తహసీల్దారు స్వయంగా కరణంగారింటికి వచ్చి, పంచనామా రాయించి, పేజీలు లెక్కపెట్టి పుస్తకాలు తీసుకున్నారు, ఆ కుటుంబానికి రసీదు ఇచ్చారు. ఆ రసీదు చూసి కరణంగారి అబ్బాయి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. తర్వాత ఫసలీ 1393 సర్టిఫైడ్ కాపీ, ఖాళీ గడులతో సహా, మా చేతికి వచ్చింది.

ఈ సేవ వాడుకోదలచినవారు మాటల్లో అడిగి తిరిగి రాకండి. లేదన్న సంగతి రాతపూర్వకంగా తీసుకోండి, దానితో పాటు ఛార్జి లిస్టు అడగండి. నకలు కోరే ముందు సమాచార హక్కు కింద రికార్డు తనిఖీ కోరడం మేలు, మొదటి గంటకు రుసుము లేదు, ఆపైన ప్రతి పావుగంటకు ఐదు రూపాయలు. గుమాస్తాల మర్యాదకు, రుసుముల విషయంలో నిజాయితీకి నేను పూర్తి మార్కులు ఇస్తాను. రికార్డుల అప్పగింతకు మాత్రం సగం మార్కులు కూడా ఇవ్వలేను.

మండలాలు ఏర్పడిన ఏడాదికి చెందిన ఫసలీ 1394 పుస్తకం ఇంకా దొరకలేదు. అది పక్క మండలంలో ఉండవచ్చని, నా దరఖాస్తును సమాచార హక్కు చట్టం సెక్షన్ 6(3) కింద అక్కడికి బదిలీ చేశామని లేఖ పంపారు. జవాబు వచ్చాక ఆ వివరం ఇక్కడే చేరుస్తాను.