బీడబ్ల్యూ ట్రాన్స్‌పోర్ట్ కనెక్షన్‌తో పన్నెండేళ్లు

ఎస్‌ఏపీ సంస్థ డేటా వేర్‌హౌస్ సాఫ్ట్‌వేర్ అయిన బీడబ్ల్యూలో తయారైన ఆబ్జెక్టులను (డేటా మోడల్ భాగాలను) తయారీ జరిగే డెవలప్‌మెంట్ సిస్టమ్ నుంచి పరీక్షించే క్వాలిటీకి, అక్కడి నుంచి వాడకందారులు పనిచేసే ప్రొడక్షన్‌కు చేర్చే పని పన్నెండేళ్లుగా నా చేతుల మీదుగా జరుగుతోంది. 7.0 వెర్షన్‌తో మొదలుపెట్టి, 7.4 మీదుగా ఇప్పుడు హానా డేటాబేస్ మీద నడిచే 7.5 వరకు వచ్చాను. హైదరాబాద్‌లో ఉంటూ యూరప్‌లోని ఒక తయారీ సంస్థ వేర్‌హౌస్‌ను చూసుకునే బృందం మాది. అక్కడ ఆదివారం రాత్రి వాడకందారులు లేని కొద్ది గంటల్లోనే, అంటే మనకు అర్ధరాత్రి దాటిన వేళ, ఇంపోర్టులన్నీ ముగియాలి. ఇన్నేళ్లు అలాంటి వేళల్లో వాడిన అనుభవంతో బీడబ్ల్యూ నిర్వహణ తెర ఆర్‌ఎస్‌ఏ1లో, మోయవలసిన ఆబ్జెక్టులను పోగుచేసే ట్రాన్స్‌పోర్ట్ కనెక్షన్ గురించి ఇక్కడ రాస్తున్నాను. మోసే పనిలో దీన్ని నేను పూర్తిగా నమ్ముతాను. ఏమి మోయాలో ఎంచుకునే పనిని మాత్రం దీనికి ఎప్పుడూ వదిలిపెట్టను.

ఎస్‌ఏపీ భాష అబాప్‌లో ప్రోగ్రామ్ రాసేవారికి ట్రాన్స్‌పోర్ట్ రిక్వెస్ట్, అంటే ఒక సిస్టమ్ నుంచి మరోదానికి వెళ్లే మార్పుల మూట, ప్రోగ్రామ్‌ను సేవ్ చేసేటప్పుడే ఎదురవుతుంది. బీడబ్ల్యూలో మామూలు ఏర్పాటు వేరు. ఇన్ఫోఆబ్జెక్ట్ (కస్టమర్, మెటీరియల్ వంటి ఒక్కో ఫీల్డ్ నిర్వచనం), క్యూబ్ (నివేదికల డేటా ఉండే చోటు), ట్రాన్స్‌ఫర్మేషన్ (డేటాను మార్చే నియమాలు) వంటివి మొదట సిస్టమ్ దాటి వెళ్లని లోకల్ ప్యాకేజీలోనే ఉంటాయి. పని పూర్తయ్యాక వాటిని ట్రాన్స్‌పోర్ట్ కనెక్షన్‌లోకి లాగి, ఒకదానితో ఒకటి ముడిపడినవాటిని ఒకచోటికి చేర్చి, అప్పుడు ప్యాకేజీనీ రిక్వెస్ట్‌నూ ఇస్తాము. ఈ పద్ధతి నాకు మొదటి నుంచీ నచ్చింది. డేటా మోడల్ తయారయ్యే దశలో రోజుకు పదిసార్లు మారుతుంది కాబట్టి, ప్రతి మార్పుకూ ఒక రిక్వెస్ట్ పుట్టించే బదులు, నిలిచిన రూపాన్ని ఒక్కసారే పంపడం న్యాయంగా ఉంటుంది.

అయితే ఆ ఒకచోటికి చేర్చే దశలోనే సగం ప్రమాదాలు దాగి ఉన్నాయి. గ్రూపింగ్ అనే ఎంపికలో ‘అవసరమైన ఆబ్జెక్టులు మాత్రమే’, ‘డేటా ఫ్లోలో ముందువి’, ‘డేటా ఫ్లోలో తరువాతవి’, ‘ముందువీ తరువాతవీ’ అని ఉంటాయి. ఒక అమ్మకాల క్యూబ్‌కు కేవలం ఒక ఫీల్డ్ చేర్చిన సందర్భంలో ‘ముందువీ తరువాతవీ’ ఎంచుకుని, సేకరణను ఆటోమేటిక్‌గా వదిలేస్తే, తెర మీద విచ్చుకునే చెట్టులో వందల ఆబ్జెక్టులు కనిపిస్తాయి. వాటిలో 0కస్టమర్ ఉంటుంది, 0మెటీరియల్ ఉంటుంది, పక్క బృందం నిన్న యాక్టివేట్ చేసి (వాడకానికి సిద్ధం చేసి) ఇంకా పరీక్షించని అట్రిబ్యూట్ కూడా ఉంటుంది. ట్రాన్స్‌పోర్ట్ తీసుకుపోయేది యాక్టివ్ వెర్షన్‌ను. అది పరీక్షకు నిలిచిందో లేదో దానికి తెలియదు. అందుకే నేను ఎప్పుడూ ‘అవసరమైన ఆబ్జెక్టులు మాత్రమే’ ఎంచుకుంటాను, సేకరణను మాన్యువల్‌గా ఉంచుతాను, తరువాత ప్రతి కొమ్మనూ విప్పి, నేను ముట్టుకోని వాటి ఎదురుగా ఉన్న టిక్‌ను తీసేస్తాను. ఇది విసుగు పుట్టించే పనే. అయినా ఇందులో మిగుల్చుకున్న పది నిమిషాలకు ప్రొడక్షన్‌లో ఒక రాత్రి ఖర్చయిన సందర్భాలు చూశాను.

ఈ దశలోనే ఇబ్బంది పెట్టే మరో విషయం పేర్లు. ట్రాన్స్‌ఫర్మేషన్ టెక్నికల్ పేరు 32 అక్షరాల గొలుసు. డేటాను లోడ్ చేసే డీటీపీ పేరూ అలాగే కంటికి ఏ అర్థమూ ఇవ్వదు. రిక్వెస్ట్‌లోని జాబితాను సమీక్షించేవారికి అందులో ఏది ఏమిటో వివరణను బట్టే తెలియాలి. కాబట్టి డీటీపీ తయారుచేసేటప్పుడు తానుగా వచ్చిన వివరణను అలాగే ఉంచకుండా, ఎక్కడి నుంచి ఎక్కడికి, డెల్టానా (కొత్త మార్పులేనా) ఫుల్లా (మొత్తమా), ఏ ఫిల్టర్ ఉందో రాయమని కొత్తవారిని పట్టుబట్టి అడుగుతాను.

రిలీజ్ గురించి ఎక్కువ చెప్పనక్కర లేదు. రిక్వెస్టులను చూసుకునే ఎస్‌ఈ09 తెరలో ముందు టాస్క్‌ను (రిక్వెస్ట్‌లో ఒక్కొక్కరి పని భాగాన్ని), తరువాత రిక్వెస్ట్‌ను రిలీజ్ చేస్తే, ఒక డేటా ఫైలూ దాని నియంత్రణ సమాచారం ఉండే ఒక కోఫైలూ ట్రాన్స్‌పోర్ట్ డైరెక్టరీలో చేరతాయి. ఇంపోర్టులు నడిపే ఎస్‌టీఎంఎస్ తెరలోని క్యూ నుంచి వాటిని ఇంపోర్ట్ చేస్తారు. ఈ భాగం బీడబ్ల్యూది కాదు, మొత్తం ఎస్‌ఏపీకి పునాది. ఇన్నేళ్లలో అది నన్ను ఒక్కసారి కూడా నిరాశపరచలేదు.

ఇంపోర్ట్ తరువాత జరిగేది మాత్రం పూర్తిగా బీడబ్ల్యూ సొంత పని. ఫైళ్లలోని నిర్వచనాలు టేబుళ్లలో చేరాక, ఆఫ్టర్ ఇంపోర్ట్ అనే దశ వాటిని లక్ష్య సిస్టమ్‌లో యాక్టివేట్ చేస్తుంది. ఇంపోర్ట్ ఫలితంగా రిటర్న్ కోడ్ 8, అంటే లోపం, వచ్చిందంటే, నా అనుభవంలో, చాలాసార్లు ఫైల్ చేరకపోవడం కారణం కాదు. చేరిన తరువాత యాక్టివేషన్ విఫలమవడమే కారణం. సోర్స్ సిస్టమ్ పేర్లది ఇందులో పెద్ద వాటా. డెవలప్‌మెంట్ బీడబ్ల్యూ మాట్లాడేది డెవలప్‌మెంట్ ఈసీసీతో (డేటా వచ్చే ఎస్‌ఏపీ వ్యాపార సిస్టమ్‌తో), ప్రొడక్షన్ బీడబ్ల్యూ మాట్లాడేది ప్రొడక్షన్ ఈసీసీతో. ఏ లాజికల్ సిస్టమ్ పేరును ఏ పేరుగా మార్చాలో లక్ష్య సిస్టమ్‌లోని కన్వర్షన్ పట్టికలో ముందే రాసి ఉంచాలి. ఒకసారి రాస్తే ఏళ్ల తరబడి దాని జోలికి వెళ్లే పని ఉండదు కాబట్టే, కొత్త సోర్స్ సిస్టమ్ కలిసిన రోజున అది ఎవరికీ గుర్తుకు రాదు. ఈసీసీ నుంచి డేటా ఏ రూపంలో వస్తుందో చెప్పే డేటాసోర్స్ సంగతీ ఇంతే. ఈసీసీ వైపు రిక్వెస్ట్ ముందు వెళ్లాలి, ప్రొడక్షన్ బీడబ్ల్యూలో డేటాసోర్స్‌ను రెప్లికేట్ చేయాలి (దాని నిర్వచనాన్ని బీడబ్ల్యూలోకి తెచ్చుకోవాలి), ఆ తరువాతే బీడబ్ల్యూ రిక్వెస్ట్. ఈ వరుసను పరికరం కాపాడదు, మనమే కాపాడాలి.

నా చేతిలో జరిగిన ఒక పొరపాటును ఇక్కడ చెప్పాలి. ఒక ట్రాన్స్‌ఫర్మేషన్‌లోని ఎండ్ రొటీన్ అనే చివరి కోడ్ భాగంలో నాలుగు లైన్లు మార్చి, ట్రాన్స్‌ఫర్మేషన్‌ను మాత్రమే రిక్వెస్ట్‌లో పెట్టాను. ట్రాన్స్‌ఫర్మేషన్ మారితే దాని మీద ఆధారపడిన డీటీపీ ఇనాక్టివ్ అవుతుంది. క్వాలిటీలో పరీక్షించేటప్పుడు దాన్ని చేత్తో యాక్టివేట్ చేసి, ఆ సంగతి మరిచిపోయాను. ప్రొడక్షన్‌లో రిటర్న్ కోడ్ 4 వచ్చింది. హెచ్చరికే కదా అని లాగ్ తెరవలేదు. తెల్లవారుజామున నాలుగున్నరకు లోడులను వరుసగా నడిపే ప్రాసెస్ చెయిన్ ఆ డీటీపీ దగ్గర ఎర్రబడి ఆగింది. అప్పటి మా సెట్టింగుల ప్రకారం ప్రొడక్షన్‌లో డీటీపీని చేత్తో సరిచేసే వీలు లేదు. డీటీపీతో ఇంకో రిక్వెస్ట్ తయారుచేసి, క్వాలిటీ గుండా నడిపించి, అనుమతి తీసుకుని చేర్చేసరికి అక్కడి ఫైనాన్స్ వాళ్లు ఆఫీసుకు వచ్చేశారు. వారి నివేదికలో నిన్నటి అంకెలు లేవు. ఆ వారం నుంచి మా బృందంలో ట్రాన్స్‌ఫర్మేషనూ దాని డీటీపీలూ ఒకే రిక్వెస్ట్‌లో వెళ్తాయి. 4 వచ్చినా లాగ్‌ను చివరి స్థాయి వరకు విప్పి చదువుతాము.

డేటా కదలదు, నిర్వచనం మాత్రమే కదులుతుంది అని అందరికీ తెలుసు గానీ, దాని పర్యవసానం ఖాళీ డెవలప్‌మెంట్ సిస్టమ్‌లో కనిపించదు. పాత ఇన్ఫోక్యూబ్ నుంచి ఒక కీ ఫిగర్‌ను (మొత్తం, పరిమాణం వంటి అంకెల ఫీల్డ్‌ను) తీసేస్తే డెవలప్‌మెంట్‌లో క్షణంలో యాక్టివేట్ అవుతుంది, ఎందుకంటే అక్కడ రికార్డులు లేవు. అదే రిక్వెస్ట్ నిండిన ప్రొడక్షన్ క్యూబ్ మీద పడితే యాక్టివేషన్ ఆగిపోతుంది. చేర్చడం సులభం, తీసేయడం కష్టం. అందుకే క్వాలిటీలో ప్రొడక్షన్ స్థాయిలో కాకపోయినా కొంత నిజమైన డేటా ఉండి తీరాలని నేను కోరుతాను.

క్యూలోని క్రమం గురించి కూడా రెండు మాటలు చెప్పాలి. ఒకే ఆబ్జెక్ట్ రెండు రిక్వెస్టుల్లో ఉండి, కొత్తది ముందు వెళ్లి పాతది తరువాత వెళ్తే, పాత నిర్వచనం కొత్తదాన్ని కప్పేస్తుంది. రిటర్న్ కోడ్ 0 వస్తుంది, ఎవరికీ అనుమానం రాదు. మేము ఇప్పటికీ ఒక ఎక్సెల్ పట్టికలో రిక్వెస్ట్ నంబరు, అందులోని ముఖ్య ఆబ్జెక్టులు, దాని కంటే ముందు వెళ్లవలసిన రిక్వెస్ట్ రాసుకుంటాము. ఇంత పెద్ద వ్యవస్థ పక్కన ఆ పట్టిక చాలా చిన్నదే, కానీ ఆదివారం రాత్రి మేము మొదట తెరిచేది దాన్నే.

నివేదికలకు ఆధారమైన క్వెరీలకు, బీడబ్ల్యూ నివేదికల పరికరం బెక్స్ పేరు మీద, బెక్స్ రిక్వెస్ట్ అనే వేరే ఏర్పాటు ఉంది. ఒకసారి ట్రాన్స్‌పోర్ట్ అయిన క్వెరీని డెవలప్‌మెంట్‌లో మళ్లీ మార్చాలంటే తెరిచి ఉన్న బెక్స్ రిక్వెస్ట్ ఒకటి ఉండాలి. పాతదాన్ని రిలీజ్ చేసినవారు వెంటనే కొత్తది పెట్టకపోతే, మరుసటి ఉదయం క్వెరీలు రాసేవారందరికీ సేవ్ దగ్గరే పని ఆగిపోతుంది. ఇప్పుడు మా దగ్గర బెక్స్ రిక్వెస్ట్ రిలీజ్ చేసేవారు ముందు కొత్త రిక్వెస్ట్ నంబరును గ్రూప్‌లో పెట్టి, ఆ తరువాతే పాతదాన్ని రిలీజ్ చేస్తారు.