ఫారెస్ట్ గ్రీన్ రోవర్స్ మ్యాచ్: తిండి సూపర్, దారే కష్టం

ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ మ్యాచ్‌కి వెళ్తే మనలాంటి శాకాహారులకి చాలాచోట్ల చిప్సే గతి. గ్లోస్టర్‌షైర్‌లోని నెయిల్స్‌వర్త్ అనే చిన్న ఊళ్లో ఫారెస్ట్ గ్రీన్ రోవర్స్ గ్రౌండ్, న్యూ లాన్‌లో మాత్రం ఏది కొన్నా నిశ్చింతగా తినొచ్చు, ఎందుకంటే 2015 నుంచి ఇక్కడ మాంసం, గుడ్డు, పాలు ఏవీ ఉండవు, ఆటగాళ్లకి కూడా ఇదే తిండి. గుంటూరు నుంచి వచ్చిన మా అమ్మని తీసుకెళ్లాను. ఇక్కడ అమ్మే 'క్యూ పై' (Q Pie, పిండి పొర లోపల కూర నింపి కాల్చిన వంటకం) చేతికివ్వగానే "ఇందులో గుడ్డు లేదు కదరా?" అని అడిగింది. లేదని చెప్పి విరిచి చూపిస్తే లోపల తెల్లటి సాస్, లీక్స్ (ఉల్లికాడల్లాంటివి), అచ్చం చికెన్‌లా కనిపించే క్వార్న్ (ఒక రకం శిలీంధ్రంతో చేసే మాంసం లేని పదార్థం) ముక్కలు. ఆ ముక్కలన్నీ ఏరి నా ప్లేట్‌లో వేసి, మిగతాదంతా ఇష్టంగా తినేసింది. ఓట్ మిల్క్ టీ మాత్రం ఇద్దరికీ ఎక్కలేదు.

తిండి ఒక్కటే కాదు. గ్రీన్ కరెంట్ కంపెనీ ఎకోట్రిసిటీ పెట్టిన డేల్ విన్స్ 2010లో ఈ క్లబ్‌ని చేతిలోకి తీసుకున్నాక, గడ్డికి రసాయనాలు కొట్టడం మానేశారు, గడ్డి కోసే పని రోబోకి అప్పజెప్పారు, వాన నీళ్లు పట్టి మళ్లీ పిచ్‌కే పెడుతున్నారు, స్టాండ్ పైకప్పు మీద సోలార్ పలకలు వేశారు. 2018లో ఐక్యరాజ్యసమితి కార్బన్ న్యూట్రల్ (వదిలే కార్బన్‌కి సరిపడా తగ్గించడమో భర్తీ చేయడమో) గుర్తింపు కూడా వచ్చింది. 2023లో బీబీసీ లెక్క తీస్తే ప్రీమియర్ లీగ్ జట్లు 100 మ్యాచ్‌ల కోసం దేశం లోపలే 81 సార్లు విమానం ఎక్కాయని తేలింది. డబ్బున్న ఆ క్లబ్‌లు చేయలేనిది ఈ చిన్న క్లబ్ చేస్తోంది, అందుకే నాకు దీని మీద ఇంత గౌరవం. ఆట పరంగా 2024లో నేషనల్ లీగ్‌కి (ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో ఐదో అంచె) దిగిపోయారు, అయినా చూడబుద్ధేసే ఆటే.

అసలు ఇబ్బంది అక్కడికి చేరుకోవడం. ఊళ్లో రైల్వే స్టేషన్ లేదు, దగ్గర్లో ఉన్నది స్ట్రౌడ్, దాదాపు 4 మైళ్లు, ఆపైన గ్రౌండ్ గుట్ట మీద, పెద్దవాళ్లతో నడవలేం. అందుకే జనం కార్లలోనే వస్తారు. ఏ క్లబ్‌కైనా కార్బన్‌లో పెద్ద వాటా అభిమానుల ప్రయాణానిదే కదా! ఈ క్లబ్ కోసం జహా హదీద్ ఆర్కిటెక్ట్స్ డిజైన్ చేసిన 5,000 సీట్ల కొత్త చెక్క స్టేడియానికి 2019 డిసెంబర్‌లో అనుమతి వచ్చింది, కానీ అది మోటర్‌వే పక్కన, అంటే మళ్లీ కార్లే. మ్యాచ్ టికెట్‌లోనే స్ట్రౌడ్ స్టేషన్ నుంచి బస్సు ఛార్జీ కలిపేస్తే ఇంకో పౌండో రెండో ఎక్కువైనా నేను సంతోషంగా ఇస్తాను.