మెత్తటి నేలపై కట్ట, రిటైనింగ్ గోడ: రాతి స్తంభాలా, సిమెంటు స్తంభాలా, పైల్సా?

మెత్తటి బంకమన్నుపై ఎత్తైన కట్ట పోయాలన్నా, మట్టి జారకుండా ఆపే రిటైనింగ్ గోడ నిలబెట్టాలన్నా అడుగునేలలో స్తంభాలు దించడం మంచి ఉపాయమే. అయితే ఏ రకం స్తంభాలన్న ప్రశ్నను చాలామంది కుంగుదల లెక్క ఒక్కటే చూసి తేల్చేస్తారు. ఇది సరికాదని నా గట్టి అభిప్రాయం. కట్ట నడిమి భాగం కింద స్తంభంపై పడేది ప్రధానంగా నిలువు బరువే కనుక అక్కడ ఏ రకమైనా దాదాపు నెగ్గుకొస్తుంది. వాలు కింద, గోడ ముందరి అంచు కింద మాత్రం మట్టి పక్కకు తోస్తుంది, స్తంభం వంగుతుంది. ఎంపిక అక్కడి నుంచే మొదలుకావాలి.

రాతి స్తంభం కోసం వైబ్రేటరును నేలలోకి దించి, కంకర పోస్తూ, కాస్త పైకి లాగి మళ్లీ కిందికి పొడుస్తారు. కంకర పక్కలకు ఉబ్బి బిగుసుకుంటుంది. వ్యాసం సాధారణంగా 0.6 నుంచి 1 మీటరు వరకు ఉంటుంది. దీనిలో రాళ్లను ఒకదానికొకటి అంటించే సిమెంటు లేదు కనుక పగులూ లేదు. మట్టితోపాటు కదులుతూనే రాపిడితో జారుడును అడ్డుకుంటుంది, బంకమన్నులోని నీటికి దారి ఇచ్చి కట్ట పెరిగేకొద్దీ నేలను గట్టిపరుస్తుంది. కానీ స్తంభాన్ని పట్టి ఉంచేది చుట్టూ ఉన్న మట్టే. పిడికిట్లో నొక్కితే వేళ్ల సందుల్లోంచి జారిపోయేంత మెత్తటి మన్నులో ఎంత కంకర పోసినా అది ఉబ్బుతూనే పోతుంది.

అలాంటి చోట సిమెంటు మిశ్రమ స్తంభాలే మేలు. 1970లలో జపాన్, స్వీడన్‌లలో వాడుకలోకి వచ్చిన ఈ పద్ధతిలో నేలలోని మట్టినే సిమెంటుతోనో సున్నంతోనో కలిపి గట్టిపరుస్తారు. ప్రకంపనలు తక్కువ కాబట్టి పక్కన కట్టడాలున్నా ఇబ్బంది ఉండదు. సేంద్రియ పదార్థం ఎక్కువున్న మన్నులో సిమెంటు సరిగా పట్టదు, ముందే ప్రయోగశాలలో కలిపి చూడాలి. అసలు ప్రమాదం వేరే ఉంది. ఈ స్తంభం నొక్కుడుకు బలమైనది, వంపుకు బలహీనమైనది. వాలు కింద విడివిడిగా వేస్తే ఒకటి విరిగి, దాని భారం పక్కదానిపై పడి, వరసగా విరిగే అవకాశం ఉంది. స్తంభం బలాన్నీ మట్టి బలాన్నీ సగటు కట్టి వేసిన లెక్క మాత్రం అంతా భద్రమనే చూపిస్తుంది. అందుకే వాలు కింద వీటిని ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోయేలా, కట్ట పొడవుకు అడ్డంగా గోడల్లా వేయాలి.

గట్టి పొర దాకా దిగే పొడవాటి కాంక్రీటు స్తంభాలు, అంటే పైల్స్, వాటి తలలపై కంకర పొర, జియోగ్రిడ్ (మట్టిని పట్టి ఉంచే బలమైన ప్లాస్టిక్ వల) వేస్తే కుంగుదల అతితక్కువ, నేల కుదురుకునేదాకా ఎదురుచూపూ తక్కువ. వంతెన చేరువలో, కట్ట కుంగితే వంతెనతో కలిసే అతుకు దగ్గర మెట్టు పడే చోట, వీటికి సాటి లేదు. పైల్స్ ఎడంతో పోలిస్తే కట్ట ఎత్తు చాలకపోతే వాటి తలలు రోడ్డుపై ఎగుడుదిగుడులుగా తేలుతాయి. పక్కతోపును జియోగ్రిడ్‌కు అప్పగించకుండా ఇనుము లేని పైల్స్‌ను వాలు కింద వేయడాన్ని నేను ఒప్పుకోను.

కట్టకు సమయముండి, మన్ను మరీ మెత్తగా లేకపోతే రాతి స్తంభాలను, అతిమెత్తటి నేలపై గోడకు సిమెంటు వరసలను ఎంచుకుంటాను. ఆ వరసలు గోడ ముందరి అంచు కింద మొదలై వెనుక మట్టి కిందికి సాగాలి. గట్టిపడిన స్తంభాన్ని తొలిచి తీసే కోర్ నమూనాలను స్తంభం నడుమనే కాక రెండు స్తంభాలు కలిసే చోటా తీయించాలి; మొదటిది గట్టిపడ్డాక రెండోది వేసి ఉంటే అతుకు బలహీనంగా మిగిలేది అక్కడే.